సాజ్ వాద్యమునకు మరల వచ్చిన యౌవనము

గత సంక్రాంతి సమ్మేళనములో మా సంఘము వారు పిల్లల కొరకు ఒక అరగంట కేటాయించిరి. ఒక కుర్రవాడు గిటారు భుజమునకు తగిలించుకొని వేదిక యెక్కి, తన నాయనమ్మ పాడు జోలపాటను ఆ వాద్యముపై పలికించుచు పాడెను. ప్రక్కన వాని స్నేహితుడు డ్రమ్ములు వాయించెను. ముందు వరుసలోని పెద్దలలో ఒకరు "పాటను పాడుచేసినాడయ్యా" అని గొణిగిరి. వెనుక వరుసలలోని పిల్లలు పందిరి దద్దరిల్లునట్లు చప్పట్లు కొట్టిరి. ఆ నాయనమ్మగారు ఏమనుకొనుచున్నదోయని మేము ఆమె వంక చూచితిమి. ఆమె పెదవులు కదలుచుండెను. మనుమనితోపాటు తానును లోలోపల పాడుకొనుచుండెను.

ఆనాటినుండి ఒక ప్రశ్న మమ్ము విడువలేదు. పుట్టినచోటు విడిచి తరతరములుగా పరభాషల నడుమ కాపురముండు మనబోటి కుటుంబములలో లిపి పోయినను పాట కొంతకాలము మిగిలియుండును. షోలాపూరు చేనేత కుటుంబములలో బతుకమ్మ పాట నిలిచినది. హోసూరులోనో బరంపురములోనో తెలుగక్షరము దిద్దని పిల్లవాడును పెండ్లిపాటకు గొంతు కలుపగలడు. అట్టి పాటను ఉన్నదున్నట్లు దాచిపెట్టుట మేలా? లేక పిల్లల చేతికిచ్చి, వారి వాద్యములపై వారికి తోచినట్లు పలికింపనిచ్చుట మేలా?

ఈ ప్రశ్నను మనకంటె ముందు ఒక దేశము దేశమే ఎదుర్కొన్నది. అది టర్కీ. అచ్చట గత నూరేండ్లలో పల్లెపాటకు జరిగిన చరిత్రయు, ఆ చరిత్ర నడుమ 1967లో ఇస్తాంబుల్ నగరమున పుట్టిన 'మొగొల్లర్' అను యువకుల వాద్యబృందము కథయు పాఠకులకు చెప్పవలెనని మా సంకల్పము. మొగొల్లర్ అనగా మంగోలులు అని యర్థము.

ముందుగా ఆ దేశపు పల్లె వాద్యమును పరిచయము చేయుట అవసరము. దాని పేరు సాజ్. దానినే బాలమా యనియు అందురు. కడుపు బేరికాయను నిలువుగా చీల్చినట్లుండును. మెడ సన్ననిది, పొడవైనది. సాధారణముగ ఏడు తీగలను మూడు జట్లుగ కట్టుదురు. బాలమా యను పేరు 'కట్టుట' యను క్రియనుండి వచ్చినది. గిటారు మెడపై మెట్లు లోహముతో బిగించియుండును. వానిని కదలింప వీలులేదు. సాజ్ మెడపై మెట్లు దారముతో కట్టినవి. వాయించువాడు వానిని జరుపుకొనవచ్చును. కావుననే హార్మోనియము మెట్టుకును మెట్టుకును నడుమ నుండు సూక్ష్మస్వరములు సాజ్‌పై పలుకును. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

ఈ వాద్యకుటుంబములో పిల్లవాద్యము 'జురా'. దానికంటె పెద్దదానికి 'తంబూరా' యని పేరు. మన భజనకూటములలో శ్రుతి పట్టు తంబురా పేరును, మన జంగాల తంబుర పేరును ఆ పేరునకు చుట్టములే. అట్లే వారి 'జుర్నా' మన సన్నాయి వంశములోనిది. వారి 'దవుల్' అను పెద్ద డోలును ఒక చేత లావుపాటి కోలతోను, రెండవ చేత సన్నని పుల్లతోను వాయింతురు. మన డప్పు వాయించువాని చేతులలోని సిర్రయు సిటికెన పుల్లయు చూచినవారికి ఆ రెండు కోలల మర్మము వేరుగ చెప్పనక్కరలేదు. వారి పాటల నడక చాలచోట్ల తొమ్మిది మాత్రలు: 2+2+2+3. ఏడు మాత్రల నడకయు కలదు. మిశ్రచాపు తెలిసిన మనకు ఆ నడక క్రొత్తకాదు. నాలుగు మాత్రల లెక్కకు అలవాటుపడిన ఐరోపావారికి మాత్రము అది కుంటునట్లు తోచును. టర్కీ భాషలోను దానిని 'కుంటు' అను అర్థముగల పేరుతోనే పిలుతురు.

సాజ్ చేతబట్టి ఊరూర తిరుగుచు తామల్లిన పాటలు పాడువారిని 'ఆషిక్' అందురు. ఆ మాటకు ప్రేమికుడని యర్థము. మన బైరాగులు తత్త్వములు పాడినట్లు వారు దైవమును గూర్చియు, వియోగమును గూర్చియు, లోకపు అన్యాయమును గూర్చియు పాడుదురు. కడపటి చరణములో తమ పేరు నిలుపుట వారి సంప్రదాయము. మన శతకకారుల మకుటమును, పదకర్తల ముద్రను ఎరిగిన మనకు ఇదియు చుట్టరికముగనే తోచును.

1923లో టర్కీ గణతంత్రమయ్యెను. సుల్తానుల పాలనతోపాటు సుల్తానుల దర్బారు సంగీతమును వెనుకబడినదని నూతన నాయకులు తలచిరి. ఆ యేటనే జియా గోకాల్ప్ అను పండితుడు తన గ్రంథములో ఒక సిద్ధాంతము ప్రతిపాదించెను. దర్బారు సంగీతము తమది కాదట. జాతికి నిజమైన సంగీతము పల్లెపాటలోనే యున్నదట. ఆ పల్లెపాటకు ఐరోపా స్వరమేళనపద్ధతిని జోడించినచో జాతీయ సంగీతము పుట్టునట. 1934 నవంబరులో దర్బారు సంగీతమును రేడియోలో ప్రసారము చేయుట నిషేధించిరి. ఆ నిషేధము 1936 వరకు నడిచెను. ప్రజలు ఊరకుండిరా? రేడియో మరను త్రిప్పి అరబ్బు దేశముల కేంద్రములను వినసాగిరి! ఆజ్ఞాపత్రముతో చెవికి రుచి నేర్పుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

అయినను ఆ కాలపు ప్రభుత్వము ఒక గొప్ప మేలు చేసినదని ఒప్పుకొనవలెను. పల్లెపాటలను సేకరింప పూనుకొనెను. 1936లో హంగరీ దేశపు సంగీతకర్త బేలా బార్తోక్ ఆహ్వానముపై వచ్చి, అద్నాన్ సాయ్‌గున్ అను యువసంగీతకర్తతో కలిసి అదానా ప్రాంతపు పల్లెలలోను సంచారజాతుల గుడారములలోను తిరిగి పాటలను యంత్రముపై ఎక్కించెను. 1937 మొదలు అంకారా సంగీతకళాశాల వారు ఏటేట యాత్రలు చేసి వేలకొలది పాటలు సేకరించిరి. ఆ పనిలో ముజఫర్ సారిసోజెన్ పేరు ముఖ్యము. ఆయన అంకారా రేడియోలో ఒక గాయకబృందమును కూర్చి, ఆ పాటలను దేశమంతటికి వినిపించెను.

ఆ రోజులలోనే వెలుగునకు వచ్చినవాడు ఆషిక్ వేసెల్. ఆయన 1894లో సివాస్ మండలములోని సివ్రిఅలాన్ అను పల్లెలో జన్మించెను. చిన్ననాడే మశూచికము వలన ఒక కన్నును, పిమ్మట ప్రమాదవశమున రెండవ కన్నును పోయెను. కుమారునకు కాలక్షేపమగునని తండ్రి ఒక సాజ్ తెచ్చి యిచ్చెను. 1931లో సివాస్ నగరమున జరిగిన జానపదకవుల ఉత్సవములో అహ్మద్ కుత్సీ తెజెర్ అను కవి ఆయన ప్రతిభను గుర్తించెను. 1940లో ఏర్పడిన గ్రామీణ విద్యాలయములలో వేసెల్ సాజ్ బోధకుడయ్యెను. చూపులేని ఆ రైతుబిడ్డ 1973లో కన్నుమూయునాటికి దేశమంతట ఆయన పాట తెలియని యిల్లు అరుదు.

సేకరణ యొక్క మేలు ఇది. దాని కొరతయు చెప్పవలెను. రేడియోలో పదిమంది ఒక్క గొంతుతో పాడుటకై పాటలను చక్కదిద్దిరి. ఊరికొక తీరుగ నున్న పాట దేశమంతటికి ఒకే తీరయ్యెను. నగరములోని కుర్రవానికి అది పాఠశాలలో వల్లెవేయు పద్యమువలె తోచెను. గౌరవము కలిగినది, కోరిక కలుగలేదు. వాని కోరిక 1960ల నాటికి గిటారుపై పడెను. ఇంగ్లండు, అమెరికా బృందముల పాటలను ఆ భాషలోనే అనుకరించుచు ఇస్తాంబుల్ కుర్రవాండ్రు పాడసాగిరి.

అట్టి సమయమున, 1965లో, 'హుర్రియెత్' అను దినపత్రిక ఒక పోటీ పెట్టెను. దాని పేరు 'బంగారు మైక్రోఫోన్'. నియమము చిన్నది: పాట టర్కీ భాషలో నుండవలెను, వాద్యములు ఆధునికములై యుండవలెను. తుదిపోటీకి నిలిచిన బృందములు అనటోలియా నగరములలో కచేరీలు చేయుచు తిరుగవలెను. శ్రోతలే ఓట్లు వేయుదురు. గోకాల్ప్ సిద్ధాంతమును ఈ నియమమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో రెండును దాదాపు ఒకటే: స్వదేశపు పాట, పరదేశపు పనిముట్టు. కాని ఒకటి పైనుండి దిగివచ్చిన ఆజ్ఞ. రెండవది కుర్రవాండ్రు ఉత్సాహముతో అందుకొన్న పందెము. మొదటిదాని వలన కచేరీశాలలలో పెద్ద వాద్యగోష్ఠులు పుట్టినవి. రెండవదాని వలన పల్లెపాట యువకుల నోట నాటుకొనెను.

మొగొల్లర్ బృందము 1967 కడపట ఏర్పడెను. అజీజ్ అజ్మెత్, మురాత్ సెస్, జాహిత్ బెర్కాయ్, ఎంగిన్ యోరుకోలు మొదటివారిలో ముఖ్యులు. తనెర్ ఓంగుర్ కొలదికాలమునకు చేరెను. 1968 పోటీలో 'ఇల్గాజ్' అను పర్వతమును గూర్చిన పాటతో వారికి మూడవ బహుమతి వచ్చెను. బహుమతికంటె వారికి దక్కిన పెద్ద లాభము ఆ ప్రయాణమే. నగరమునుండి బయలుదేరిన వారు అనటోలియా ఊళ్లలో జుర్నా, దవుల్, సాజ్ వాద్యములను వాని సొంత నేలపై వినిరి. అంతవరకు పల్లెపాటను గిటారుపై వాయించినవారు అటుపిమ్మట పల్లెవాద్యములనే చేతబట్టిరి. జాహిత్ బెర్కాయ్ గిటారుతోపాటు సాజ్, జురా, కమానుతో వాయించు తంబుర్ అభ్యసించెను. మురాత్ సెస్ విద్యుత్ ఆర్గన్ మెట్లపై పల్లె వరుసలను పలికించెను. తమ పద్ధతికి వారు 'అనటోలియా పాప్' అని పేరు పెట్టుకొనిరి.

అప్పటికి ఐరోపా, అమెరికాలలో 'సైకెడెలిక్' అనబడు ఒక సంగీతరీతి ప్రబలియుండెను. విద్యుద్యంత్రములతో నాదమును సాగదీయుట, ప్రతిధ్వనింపజేయుట, గరగరలాడించుట, ఒకే శ్రుతిపై చాలసేపు నిలిచి శ్రోతను స్వప్నావస్థకు కొనిపోవుట దాని లక్షణములు. ఆ దేశముల యువకులు ఇట్టి నాదమును వెదకుచు తూర్పుదేశముల వంక చూచుచుండిరి. టర్కీ యువకులకు ఆ వెదకులాట అవసరము లేకపోయెను. ఒక తీగపై వరుస నడుపుచు తక్కిన తీగలను నిరంతరము మ్రోగించుట సాజ్ వాద్యమునకు పుట్టుకతో వచ్చిన విద్య. విద్యుచ్ఛక్తి తగిలించినచో అదియే సైకెడెలిక్ అయ్యెను! విద్యుత్ సాజ్‌ను ప్రచారమునకు తెచ్చినవారిలో ఎర్కిన్ కొరాయ్ ప్రముఖుడు. ఆయన 2023లో మరణించెను.

1970లో మొగొల్లర్ పారిస్ నగరమునకు పోయిరి. 1971లో అచ్చట వెలువడిన వారి గ్రామఫోను రికార్డు ప్రధానముగ వాద్యసంగీతము. నిన్నటి నాట్యములును నేటి నాట్యములును అందు ఒకే వరుసలో నిలిచినవి. ఫ్రాన్సులోని షార్ల్ క్రో సంస్థ దానికి తన బహుమానము నొసగెను. పారిస్ వారు మెచ్చినది తమను అనుకరించిన భాగమును కాదు, తమకు లేని తొమ్మిది మాత్రల నడకను, జుర్నా గొంతును అని మా నమ్మకము.

వారితో కలిసి పాడినవారిలో బరిష్ మాంచో, జెమ్ కరాజా పేర్లు టర్కీలో ఇంటింట తెలిసినవి. జెమ్ కరాజా తల్లి అర్మేనియను నటి, తండ్రి అజర్‌బైజాను సంతతివాడు; వారి బిడ్డ అనటోలియా పల్లెకవుల పాటలకు కంఠమయ్యెను. పాట ఎవరి సొత్తు అను వాదమునకు ఆ గొంతే సమాధానము. 1972 మొదలు 1974 వరకు ఆయన మొగొల్లర్‌తో నుండెను. శ్రామికుల పక్షమున పాడుటచే ప్రభుత్వమునకు కంటగింపయ్యెను. 1979లో జర్మనీ చేరెను. 1980 సెప్టెంబరు 12న సైన్యము అధికారము చేజిక్కించుకొన్న పిమ్మట, 1983లో ఆయన పౌరసత్వము రద్దుచేసిరి. 1987లో గాని స్వదేశము త్రొక్కలేదు. సెల్దా బాజాన్ అను గాయని పలుమార్లు చెరసాల చూచెను. మొగొల్లర్ బృందమో, అంతకుముందే 1976లో విడిపోయెను. జాహిత్ బెర్కాయ్ చలనచిత్రములకు సంగీతము కూర్చుచు ఆ వాద్యముల గొంతును నిలిపెను. 1993లో పాత మిత్రులు మరల కలిసికొనిరి. మరుసటి యేడు క్రొత్త పాటలు వెలువరించిరి.

ఇంతవరకు స్వదేశములోని కథ. మనబోటి వలసకుటుంబములకు ముఖ్యమైన ఘట్టము ఇక వచ్చుచున్నది. 1961లో జర్మనీతోను, 1964లో నెదర్లాండ్స్‌తోను కుదిరిన ఒడంబడికల మూలమున లక్షలాది టర్కీ కూలీలు ఆ దేశముల కర్మాగారములకు వలసపోయిరి. కొలదియేండ్లు పనిచేసి తిరిగిపోదుమనుకొన్నవారు అచ్చటనే స్థిరపడిరి. వారి పిల్లలు జర్మను, డచ్చి భాషలలో చదువుకొనిరి. పెట్టెలలో పాటల కాసెట్లు, గోడకు సాజ్ వ్రేలాడుచుండెను. కిర్‌షెహిర్ ప్రాంతపు మహాగాయకుడు నెషెత్ ఎర్తాష్ సైతము చాలయేండ్లు జర్మనీలో నివసించి, వలసబిడ్డలకు సాజ్ నేర్పెను.

ఆ బిడ్డల తరములో, 2016లో, ఆమ్‌స్టర్‌డామ్ నగరమున 'ఆల్తిన్ గున్' అను బృందము పుట్టెను. బంగారు దినమని దాని యర్థము. దానిని తలపెట్టినవాడు టర్కీవాడు కాడు. యాస్పర్ వెర్హుల్స్ట్ అను డచ్చి యువకుడు. అతడు కచేరీకై ఇస్తాంబుల్ పోయినపుడు మొగొల్లర్ కాలపు రికార్డులు విని ముగ్ధుడై, వానిని పాడగలవారిని తన దేశములోనే వెదకెను. ఇస్తాంబుల్‌లో పుట్టిన మెర్వె దాష్‌దెమిర్, నెదర్లాండ్స్‌లో టర్కీ తల్లిదండ్రులకు పుట్టిన ఎర్దించ్ ఎజెవిత్ అతనితో చేరిరి. నెషెత్ ఎర్తాష్ పాటలు మరల యువకుల చెవిని బడినవి. 2019లో వెలువడిన వారి 'గెజె' (రాత్రి) అను పాటలసంపుటి గ్రామీ బహుమానపు తుదిపరిశీలనకు నిలిచెను. కూలీగ వెళ్లిన తాత పెట్టెలో దాచుకొన్న పాట, మనుమని తరములో పరభాషీయుల సభలకు ఎక్కెను.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది మూడు మాటలలో చెప్పుదుము.

మొదటిది: సేకరణ ముందు, మార్పు తరువాత. బార్తోక్, సారిసోజెన్ వంటివారు పల్లెలు తిరిగి పాటలను పట్టియుంచకపోయినచో, వేసెల్ వంటివారు నేర్పకపోయినచో, గిటారు కుర్రవానికి వాయించుటకు ఏమి మిగులును? మన ఇండ్లలో ఆ మొదటి పనియే ఇంకను జరుగలేదు.

రెండవది: పాట వాద్యమునకు వంగరాదు, వాద్యమే పాటకు వంగవలెను. తొమ్మిది మాత్రల పాటను ఎనిమిదికి కుదించినవారి రికార్డులను ఎవరును తలపరు. కదలని మెట్ల గిటారు చాలనిచోట సాజ్ తెచ్చుకొన్నవారే నిలిచిరి. మన ఫిడేలు కథయు ఇదియే. పరదేశపు వాద్యము దక్షిణదేశమునకు వచ్చి, నేలపై కూర్చుండి, గమకము నేర్చుకొనెను. నేడు దానిని పరాయిదని ఎవరందురు? బుర్రకథకు జంగాల తంబురనే యుంచి, 1940లలో నాటి కరువులను, పోరాటములను కథావస్తువుగ చేసిన నాజర్ గారి మార్గమును ఇట్టిదే. అచ్చట మాట మారెను, మ్రోత నిలిచెను. టర్కీలో మాట నిలిచెను, మ్రోత మారెను. ఏదో ఒకటి స్థిరముగ నిలిచిననే రెండవదానికి స్వేచ్ఛ.

మూడవది: పొగడ్త పాటను కాపాడలేదు, పాడుటయే కాపాడును. రేడియోలో భద్రముగ నున్నంతకాలము పల్లెపాట పెద్దలకు గౌరవపాత్రమై, పిల్లలకు దూరమయ్యెను. కుర్రవాండ్రు దానిని కొంత చెరచిరి, నిజమే. కాని ఆ చెరచినవారిలో పలువురు మూలమును వెదకుచు పల్లెలకు పోయిరి. ఫికరెత్ కిజిలోక్ అను యువగాయకుడు వేసెల్ వద్దకే పోయి ఆయన పాటను నేర్చివచ్చెను. చెరచుటనుండి ప్రారంభమై శిష్యరికమునకు చేరిన త్రోవ అది.

సంక్రాంతి నాటి కుర్రవానిని మేము మరల కలిసికొంటిమి. నాయనమ్మ పాటలో ఒక చరణము వదలినావేమని యడిగితిమి. "ఆ మాటలకు అర్థము తెలియలేదండీ" అని వాడు నిజము చెప్పెను. లోపము గిటారులో లేదు. ఆ చరణము అర్థము చెప్పువారు వానికి లేకపోయిరి. చెప్పగలిగిన నాయనమ్మను అడుగువారు అంతకుముందు ఆ ఇంట లేకపోయిరి.

కావున ఈ సంచిక చదువు ప్రతి కుటుంబమునకు మా మనవి ఒకటే. ఇంటిలోని పెద్దావిడను కూర్చుండబెట్టి, ఆమెకు వచ్చిన పాటలన్నిటిని చేతిలోని ఫోనులోనైనను పట్టియుంచుడు. ఏ యూరి పాట, ఏ వేడుకలో పాడునది, ఎవరు నేర్పిరి అని ప్రక్కన వ్రాసియుంచుడు. తెలుగు లిపి రానివారు కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వ్రాయుడు. ఆ పిమ్మట పాటను పిల్లలకిచ్చి, వారేమి వాయింతురో ఓపికతో వినుడు. ఆ జోలపాటలో వదలిన చరణమును నాయనమ్మగారు ఇపుడు మనుమనికి నేర్పుచున్నది. వచ్చే సంక్రాంతికి పాట పూర్తిగ వినబడునని మాకు ఆశ కలదు.